శ్రీకాకుళం రోడ్

ఆ స్టేషను పేరులో రోడ్డుంది గానీ
ఊరు లేదు.
ఊరు కావాలంటే ఆమదాలవలస బజారు దాటి
ఇంకో పన్నెండో పదమూడో కిలోమీటర్లు పోవాలి.

పార్సెల్ ఆఫీసులో గోనెపట్టా విప్పితే
చేపల బుట్టలు కారిన తడినేల మీద
ఎర్రగా, ఎండు కొబ్బరిమట్టంత తేలిగ్గా
అది.
ఖరగ్‌పూర్‌లో బదిలీ అయిన ఇంజినీరెవరో అమ్మేసింది.
రైస్ మిల్లులో పద్దులు రాసే నాకు
పదకొండు నెలల ఓవర్‌టైము.

పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిల్.
రెండు వేళ్లంత టైర్లు.
రసీదు చింపుతున్న గుమస్తా కళ్లద్దాలు పైకి తోసి
"దార్లో స్టాండిరగ్గొట్టీసినట్టున్నార్రా,
కంప్లయింటు రాస్తావేటి?" అన్నాడు.
దీనికి పుట్టుకతోనే లేదండీ, అన్నాను.

గంటకి అర్ధరూపాయి అద్దె నల్లసైకిలు మీద
ఫ్రేము మధ్య కాలు దూర్చి
పీతలా పక్కకి వంగి
అరతొక్కుడు నేర్చినవాణ్ణి.
దాన్ని బతిమాలాలి, తిట్టాలి, నెట్టాలి.
ఇది
ఒక్క తొక్కు వేస్తే రెండోది అదే అడిగింది.
మూతపడ్డ పంచదార ఫ్యాక్టరీ గోడ
ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలీలేదు.

ఇంటి దగ్గర మా అప్ప గున్నమ్మ
చుట్టూ ఒక తిరుగు తిరిగింది.
"కేరేజీ లేదు, బెల్లు లేదు, మడ్గార్డు లేదు,
చైను కవరైనా లేదు.
మరేటున్నాయిరా దీనికి?"
పద్నాలుగు గేర్లున్నాయప్పా, అన్నాను.
"వోటి మీద బియ్యం బస్తా నిలబడతాదేటి?"

మూడో ఆదివారం కళింగపట్నం దారిలో
గార దాటకుండానే ముల్లు.
చింతకొమ్మకి పాత ట్యూబులు వేలాడదీసిన పోలయ్య షాపు.
తొట్టి నీళ్లలో ట్యూబు ముంచి
బుడగ లేచిన చోట పుల్ల గుచ్చి గుర్తుపెట్టి
అతుకు వేశాడు. అంతవరకూ బాగానే ఉంది.
గాలి కొట్టబోతే పంపు మూతి పట్టలేదు.
"ఇదేటిరా, వాల్వా? చీమ ముక్కా?"
డబ్బాలన్నీ గిలక్కొట్టి
పెన్ను రీఫిలు ముక్కొకటి తీసి, రబ్బరు చుట్టి,
దారం బిగించి, పళ్లతో తెంపాడు.
ఎక్కింది గాలి.

డబ్బులిస్తే తీసుకోలేదు.
"ఓపాలి తొక్కనీ."
డెబ్బయ్యేళ్ల మనిషి, లుంగీ ఎగ్గట్టి,
కొమ్ములు పట్టుకుని
సముద్రం వైపు ఎలిపోనాడు.

నేను షాపులో కూర్చున్నాను.
పాలతను వస్తే గాలి కొట్టాను.
బడిపిల్లకి ఊడిన చైను ఎక్కించాను.
పావుగంట. అరగంట.
పదకొండు నెలలూ
పోయాయనే అనుకున్నాను.

వచ్చాడు.
కళ్లు ఎర్రబడి, నీళ్లు కారుతూ. గాలికే అనుకుంటాను.
దిగి, ఏమీ అనకుండా
పానా తీసి
వెనక బ్రేకు బిగించాడు.

ఇప్పుడు మేం తొమ్మిది మందిమి.
బిగుతు చొక్కాలు, హెల్మెట్లు,
సింగుపురం దగ్గర టీ.
ఎవరి మొదటి సైకిలు వాళ్లు చెప్పుకుంటారు.
కూర్మారావుది నీలం.
డాక్టరమ్మ హైమవతి తనదానికి పేరు కూడా పెట్టింది,
ఎంత అడిగినా చెప్పదు.
ఎంత వేగం పోయేదో ఎవరూ చెప్పరు,
ఎక్కడ గీత పడిందో చెబుతారు.

మొన్న డే అండ్ నైట్ జంక్షన్లో చూశాను.
అమ్మి ఎనిమిదేళ్లయినా
అదే, నా ఎర్రది.
కొమ్ములు తలకిందులు చేసి పైకి తిప్పారు.
కేరేజీ. కేరేజీకి అటొకటి ఇటొకటి పాలక్యాన్లు.
బెల్లు, దానికో ప్లాస్టిక్ బంతిపువ్వు.
మా అప్ప ఉండుంటే
అదిగో, ఇప్పుడయిందిరా సైకిలు, అనేది.

టీకొట్టు ముందు
ఎవరి ఆసరా లేకుండా నిలబడి ఉంది.

దిగాను.
చేతిలో ఉన్న కొత్తదాన్ని ఆనించడానికి
గోడ కోసం
అటూ ఇటూ చూశాను.